మూడో గిన్నె

"నాలుగు గంటలకు కంపెనీ ఫిర్యాదు పోలీసుల దగ్గరికి పోతది సార్. ఆలోపు ఈ అమ్మాయి సంతకం పెడితే పోదు. గంతే."

మణిదీప్ కాగితాన్ని టేబుల్ మీద పెట్టి, దాని మీద పెన్ను పెట్టాడు. ల్యాబు గోడ గడియారంలో ఒంటిగంటా ముప్పై అయిదు.

వామన్‌రావు కాగితం చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. నాంపల్లిలోని కణదీప్తి ల్యాబ్‌లో రీసెర్చ్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్న లహరి అనే నేను 'తనూలత' క్యాప్సూళ్ళ పరీక్ష సరిగ్గా చెయ్యలేదు. అంకెలు నా ఇష్టం వచ్చినట్టు వేసి 'ప్రమాదం లేదు' అని రిపోర్టు ఇచ్చాను. ఇందులో ల్యాబ్‌కీ కంపెనీకీ ఏ సంబంధమూ లేదు.

"తెలుగు మంచిగ రాసినవ్ మణీ," అన్నాడు. "నా దగ్గర ఉన్నప్పుడు ఒక్క రిపోర్టు తప్పుల్లేకుండ రాయలే నువ్వు."

"నేర్పినోళ్ళు మారిన్రు సార్."

ఎనిమిదేళ్ళ కిందట మణిదీప్ ఆబిడ్స్‌లో వామన్‌రావు నడిపే రెండు గదుల డిటెక్టివ్ ఆఫీసులో పని నేర్చుకున్నాడు. ఇప్పుడు లక్డీకాపూల్‌లో అతనికి సొంత ఏజెన్సీ ఉంది. కింద ఇరవై మంది పనిచేస్తారు. పోయిన శుక్రవారం తనూలత కంపెనీ అతన్ని పెట్టుకుంది. అదే శుక్రవారం సాయంత్రం లహరి తల్లి శేషారత్నం మోకాళ్ళు పట్టుకుంటూ ఆబిడ్స్ మెట్లెక్కి వామన్‌రావు దగ్గరికి వచ్చింది.

గన్‌ఫౌండ్రీలో బ్యాంకు ఉద్యోగం చేసే విద్యావతి ఒళ్ళు తగ్గాలని తొమ్మిది రోజులు తనూలత వాడింది. పదో రోజుకి ఒళ్ళు నూట ఆరు డిగ్రీలు. జ్వరం మందులకు దిగలేదు. నిన్న వామన్‌రావు దవాఖానకు వెళ్ళినప్పుడు, డ్యూటీ అయిపోయి చెప్పులేసుకున్న నర్సు మళ్ళీ వెనక్కొచ్చి, ఐసునీళ్ళలో గుడ్డ పిండి ఆమె నుదుటి మీద వేసి వెళ్ళింది. ఎవరూ అడగలేదు. విద్యావతి భర్త ఆమె వాడిన సీసాను వామన్‌రావు చేతిలో పెట్టాడు. అది ఇప్పుడు అతని సంచిలో ఉంది.

"చెప్పు బిడ్డా," అన్నాడు లహరితో. "ఏ రోజు ఏం చేసినవ్?"

ఇరవై ఏడేళ్ళ లహరి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మూడు వారాల కిందటి మంగళవారం పరీక్ష చేశాను సార్. క్యాప్సూళ్ళలోని పొడి మంచిది కాదని తేలింది. నోట్‌బుక్‌లో రాసి మేనేజర్ అఖిలేష్ గారికి చెప్పాను. పోయిన శుక్రవారం ఈ గొడవ మొదలయ్యాక చూస్తే కంప్యూటర్లో నా మంగళవారం ఫైలు లేదు. నోట్‌బుక్‌లో పేజీ లేదు. ఆ మర్నాడు, బుధవారం పది నలభైకి నా లాగిన్‌తో చేసినట్టు ఇంకో ఫైలు ఉంది. అందులో అంతా బాగుంది."

"నీ పాస్‌వర్డ్ ఎవరెవరికి తెల్సు?"

"మానిటర్ మీద చీటీ అంటించి ఉంటుంది సార్. అందరివీ."

మణిదీప్ నవ్వాడు. "బ్యాంకు లాకర్ లెక్క ఉంది ల్యాబు."

"నవ్వు మంచిదే," అన్నాడు వామన్‌రావు. "అఖిలేష్‌ను పిలువు."

అఖిలేష్ నలభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, మెడలో ల్యాబ్ కార్డు. ప్రయోగాలు చెయ్యడు. కంపెనీలతో మాట్లాడటం, రిపోర్టుల మీద సంతకం పెట్టడం అతని పని. కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"నేను పోలీసులకు చెప్పేదే మీకూ చెప్త సార్. బుధవారం పది నలభైకి ఆమె పక్కనే ఉన్న."

"ఎక్కడ?"

"మెషీన్ రూమ్‌ల."

"మంగళవారం ఆమె నీకు ఏమన్న చెప్పిందా?"

"ఏం చెప్పలే. మంగళవారం ఆమె ఆ మెషీన్ ముట్టనే లేదు."

"బుధవారం మొదటినుంచి చూసినవా, నడుమల వచ్చినవా?"

"మొదటినుంచి. కొత్త కార్ట్రిడ్జ్ ప్యాకెట్ నా ముందే చింపింది. మెషీన్ల పెట్టింది. స్టార్ట్ కొట్టింది. గంటన్నరల అయిపోయింది."

లహరి తలెత్తింది. వామన్‌రావు చూపుడువేలు కొద్దిగా లేపాడు. ఆమె నోటిదాకా వచ్చిన మాట ఆపుకుంది.

"ప్యాకెట్ చింపంగ నువ్వే చూసినవా?"

"ఔ సార్. కవర్ నేనే డస్ట్‌బిన్‌ల ఏసిన."

"చింపినంక ఎంతసేపటికి మెషీన్ల పెట్టింది?"

"రెండు నిమిషాలు. అంతకూడ కాదు."

"మంచిగ గుర్తుంది నీకు. గిదే మాట రాసి సంతకం పెట్టు. టైము కూడ రాయి."

అఖిలేష్ రాశాడు. ఒంటిగంటా యాభై ఎనిమిది. వామన్‌రావు ఆ కాగితాన్ని మణిదీప్ చేతికే ఇచ్చాడు.

"నీ దగ్గరే ఉంచు. తర్వాత నేను మార్చిన అనకుండ."

అందరూ మెషీన్ గదిలోకి వెళ్ళారు. చిన్న గది. బల్ల మీద ఫ్రిజ్ అంత యంత్రం, పక్కన ముప్పై ఏడు డిగ్రీల దగ్గర కణాలను ఉంచే పెట్టె, ఒక మూల గుడ్డ కప్పిన పాత పరికరం. వామన్‌రావు ఏదీ ముట్టుకోలేదు. గోడలు, తలుపులు, అంటించిన కాగితాలు చూశాడు. పెట్టె తలుపుకి దారంతో వేలాడుతున్న రిజిస్టర్ దగ్గర ఆగాడు.

"ఇదేంది బిడ్డా?"

"నానబెట్టే రిజిస్టర్ సార్. ఈ యంత్రం కణాలు ఎంత ఆక్సిజన్ వాడుకుంటున్నాయో కొలుస్తుంది. కొలిచే సెన్సర్లు కార్ట్రిడ్జ్‌లో ఉంటాయి. కార్ట్రిడ్జ్ పొడిగా వస్తుంది. ముందురోజు సాయంత్రమే ద్రవంలో వేసి రాత్రంతా ఈ పెట్టెలో ఉంచాలి. ఎవరు ఎప్పుడు వేశారో ఇందులో రాస్తాం."

"నానబెట్టకుండ పెడితే?"

"యంత్రం ముందు సెన్సర్లను సరిచూసుకుంటుంది. పొడివి పెడితే అక్కడే ఎర్ర గుర్తు వేసి ఆగిపోతుంది. ఒక్క అంకె కూడా ఇవ్వదు."

వామన్‌రావు రిజిస్టర్‌ను మణిదీప్ వైపు తిప్పాడు. ఆ వారం సోమవారం, అయిదు ఇరవై, లహరి. దాని కింద గురువారం, ఇంకెవరిదో పేరు. ఆ తర్వాత ఏమీ లేదు. మంగళవారం సాయంత్రం ఎవరూ ఏదీ నానబెట్టలేదు. అరలో ఆరు కార్ట్రిడ్జ్‌ల పెట్టె ఉంది. నాలుగు మిగిలాయి.

"సోమవారం ఒకటి నానింది, మంగళవారం పరీక్ష. గురువారం ఒకటి, శుక్రవారం పరీక్ష. నడుమల బుధవారం ప్యాకెట్ చింపి రెండు నిమిషాలల్ల మెషీన్ల పెట్టిన్రట. మినపపప్పు నానెయ్యకుండ ఇడ్లీ పెట్టినట్టుంది మణీ."

వాళ్ళ వెనకే వచ్చిన అఖిలేష్ రిజిస్టర్ మీదికి వంగాడు. "నేను... గిట్ల కరెక్ట్‌గ గుర్తులేదు..."

"ఇందాక కవర్ ఏ డస్ట్‌బిన్‌ల ఏసినవో కూడ గుర్తుండె. బయట కూసో. ఎటూ పోకు."

మణిదీప్ తెలివితక్కువవాడు కాదు. తన చేతిలోని వాంగ్మూలం ఒకసారి చూసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సరే సార్. అఖిలేష్ అబద్ధం చెప్పిండు. బుధవారం పరీక్ష జరగలే. అయితే ఏంది? మంగళవారం ఏం తేలిందో చెప్పేటందుకు ఈమె నోరొక్కటే ఉంది. పొడి చెడ్డదని ఎక్కడుంది? ఆ విద్యావతికి జ్వరం ఇంకో కారణంతోటి రావొచ్చు. నాలుగింటికి నా ఫిర్యాదు పోతది."

"ఇప్పుడే పరీక్ష చేస్తే?"

"రాత్రంతా నానబెట్టాలని ఇప్పుడే అంటిరి గద."

వామన్‌రావు లహరిని చూశాడు. ఆమె అప్పటికే చేతికి గ్లౌజులు తొడుక్కుంటోంది.

"రంగు పరీక్షకి నానబెట్టే పని లేదు సార్. అరగంట చాలు. కణాలు సిద్ధంగా ఉన్నాయి."

"ఇతనికి అర్థమయ్యేటట్టు చెప్పు. ఇతని పేరు పెట్టి నేను కూడ వింట."

లహరి మొదటిసారి నవ్వింది. "నాగార్జునసాగర్ అనుకోండి సార్. ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అని చిన్న చిన్న సంచుల్లాంటివి ఉంటాయి. వాటి లోపలి పొర మన ఆనకట్ట. పంపులు ప్రోటాన్లను తోడి ఒక వైపు పోస్తుంటాయి, నీళ్ళు నిలబెట్టినట్టు. ఆ ఒత్తిడినే పొటెన్షియల్ అంటాం. నీళ్ళు చక్రం గుండా దిగితే కణానికి శక్తి తయారవుతుంది. కట్టకి చిల్లులు పడితే?"

"నీళ్ళు పోతయ్. కరెంట్ రాదు," అన్నాడు మణిదీప్, అనుకోకుండా.

"వేడి మాత్రం వస్తుంది. పంపులు ఇంకా ఇంకా తోడతాయి. తిన్నదంతా, ఒంట్లో ఉన్న కొవ్వంతా కాల్చేస్తాయి. మనిషి సన్నబడేది అందుకే. ఒళ్ళు కాలిపోయేది కూడా అందుకే. ఒత్తిడి బాగున్నచోటికే ఈ ఎర్ర రంగు వెళ్ళి చేరుతుంది. మైక్రోస్కోప్‌లో నిప్పుకణికల్లా వెలుగుతాయి. ఒత్తిడి పడిపోతే వెలుగు ఆరిపోతుంది."

"వెలుగు ఎంతుందో చెప్పేది ఎవరు? నువ్వే గద," అన్నాడు మణిదీప్. "నీకు కావలసిన గిన్నెల ఆరిపోయిందంటవ్."

"దానికేముంది," అన్నాడు వామన్‌రావు. "ఏ గిన్నెల ఏముందో ఆమెకు తెల్వకుండ చెయ్. గొట్టాలల్ల నువ్వే కలుపు. నంబర్లు నువ్వే ఎయ్. చీటీ నీ జేబుల పెట్టుకో."

మణిదీప్ ఒక్క క్షణం ఆలోచించాడు. తన బ్యాగు తెరిచి తెల్లటి సీసా ఒకటి తీశాడు. మీద అదే తనూలత పేరు, కొత్త లేబుల్.

"ఇది కొత్త బ్యాచ్. నిన్ననే దుకాణాలకొచ్చింది. కంపెనీ మళ్ళ పరీక్ష చేయించి వదిలింది. కాగితం ఉంది నా దగ్గర. ఒక గిన్నెల ఉత్త ద్రవం, ఒక దాంట్ల మీ సీసాది, ఒక దాంట్ల ఇది. మంచి సరుకును కూడ ఈమె చెడ్డదన్నదనుకో, ఈమె పరీక్షే తప్పు. అప్పుడు సంతకం పెడతదా?"

"పెడతాను," అంది లహరి. వామన్‌రావును అడగలేదు.

"మంచి ఆలోచన మణీ," అన్నాడు వామన్‌రావు. "ఇది మాత్రం నేను నేర్పిందే."

రెండూ నలభైకి లహరి మూడు చిన్న గాజు గిన్నెల్లోని కణాలకు రంగు పెట్టింది. రంగు వెలుతురు తగిలితే పాడవుతుందని గదిలో లైట్లు తీసేసింది. పక్క గదిలో మణిదీప్ తలుపు వేసుకుని పొడులు తూచి, ద్రవంలో కలిపి, మూడు గొట్టాల మీద అంకెలు వేశాడు.

వామన్‌రావు వరండాలోకి వచ్చాడు. అఖిలేష్ బెంచీ మీద తల వంచుకుని ఉన్నాడు. అవతల చివర శేషారత్నం టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె కుర్చీ వాచ్‌మన్‌ది. తన కుర్చీని ఫ్యాన్ కిందికి జరిపి ఇచ్చేసి, అతను గోడకానుకుని నిలబడ్డాడు.

"అమ్మాయి అన్నం తినలేదండీ," అంది ఆమె. "ఏమవుతుందో..."

"గంటల తింటది అమ్మా. మీరు తినుండ్రి."

మణిదీప్ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"సార్, నిజం చెప్పుండ్రి. ఆమె చేసిన పరీక్ష మీకు అర్థమైందా, ఆమె ముఖం చూసి నమ్మిన్రా?"

"ముఖం చూసి నమ్మితే నీకు ఉద్యోగం ఇస్తుంటినా?"

"దెప్పుడు మాటలకు తక్కువ లేదు."

"రాత్రంతా నానబెట్టాలని నిన్న సాయంత్రం పుస్తకంల చదివిన. అఖిలేష్ ఆ పుస్తకం చదవలే. నువ్వు నీ క్లయింట్ మాటే విన్నవ్, నువ్వు కూడ చదవలే. గంతే తేడా."

మణిదీప్ గడియారం చూసుకుని మెషీన్ గదిలోకి నడిచాడు.

మూడూ పదికి అందరూ చీకటి గదిలో తెర ముందు నిలబడ్డారు. మొదటి గిన్నె. నల్లటి తెర మీద ఎర్రటి దారాలు చిక్కుపడినట్టు వెలుగుతున్నాయి. లహరి ఒకటో నంబరు గొట్టం లోంచి చుక్కలు వేసింది. తెర పక్కన వెలుగు కొలత తొమ్మిది వందల ఎనభై. అయిదు నిమిషాల తర్వాత తొమ్మిది వందల అరవై అయిదు.

రెండో గిన్నె. తొమ్మిది వందల డెబ్భై నుంచి మొదలై, ఆరు వందలు, నాలుగు వందలు, చివరికి రెండు వందల పది. దారాలు మసకబారి కరిగిపోయాయి.

మూడో గిన్నెలో చుక్కలు పడిన నిమిషానికే తెర చీకటైంది. నూట నలభై.

"రెండోది, మూడోది," అంది లహరి. "మూడోది ఇంకా బలంగా ఉంది."

మణిదీప్ చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి ఉత్త ద్రవం. రెండు విద్యావతి సీసా. మూడు కొత్త బ్యాచ్.

"అయిపోయింది సార్! మంచి సరుకును కూడ చంపింది. నేను ముందే చెప్పలే?"

"ఒకటో గిన్నె వెలుగుతనే ఉంది. పరీక్షే తప్పైతే అది కూడ ఆరిపోవాలె గద."

"ఒక్క నిమిషం సార్," అంది లహరి. "వెలుగు ఆరిపోయినంత మాత్రాన చిల్లు అని నేను అనను. పంపులు ఆగిపోయినా ఆరిపోతుంది. అది వేరే రోగం. చిల్లేనని ఇంకొక కొలత చూస్తే గాని చెప్పలేను."

మణిదీప్ ఆమె వైపు వింతగా చూశాడు. గెలిచే ఆటలో తనే అడ్డం చెప్పుకునే మనిషిని అతను ఈ మధ్య చూసి ఉండడు.

ఆమె మూలనున్న పాత పరికరం మీద గుడ్డ తీసింది. మూత వేసిన చిన్న గాజు గది, లోపల ఆక్సిజన్ కొలిచే ముల్లు. దీనికి నానబెట్టడాలు లేవు. కణాలు పోసి, చక్రాన్ని ఆపేసే మందు కలిపింది. తెర మీద వంపుగా దిగుతున్న గీత దాదాపు అడ్డంగా పరుచుకుంది.

"చక్రం ఆగింది. నీళ్ళు దిగే దారి లేదు కాబట్టి పంపులకు పెద్దగా పని లేదు, ఆక్సిజన్ ఖర్చు లేదు. ఇప్పుడు రెండో గొట్టం."

గీత ఒక్కసారిగా కిందికి వాలింది. గాజు గది కడిగి, కొత్త కణాలు పోసి, మళ్ళీ చక్రం ఆపి, మూడోది వేసింది. గీత నిట్టనిలువుగా దిగింది.

"పంపులు ఆగిపోయి ఉంటే ఆక్సిజన్ వాడకం ఆగాలి. ఇక్కడ పరుగెడుతోంది. చక్రం గుండా కాకుండా నీళ్ళు ఇంకెక్కడినుంచో పోతున్నాయి. చిల్లే సార్. పొడిలో ఉన్న పదార్థం పేరు ఈ పరీక్షతో చెప్పలేను. అది చేసే పని చెప్పగలను. రెండు సీసాల్లోనూ అదే పని."

"కొత్త బ్యాచ్ పరీక్షయింది," అన్నాడు మణిదీప్. గొంతులో ఇందాకటి పొగరు లేదు. "కాగితం ఉంది."

"ఆ కాగితం కూడ నేనే రాసిన."

అందరూ తిరిగి చూశారు. అఖిలేష్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో.

"మంగళవారం పేజీ చింపింది నేనే. ఫైలు తీసేసింది నేనే. పాతదొకటి తెచ్చి తేదీ మార్చిన. కొత్త బ్యాచ్‌కు పరీక్షే చెయ్యలే. చేస్తే మళ్ళ గిట్లనే వస్తదని తెల్సు."

"బ్యాచ్ మారలేదా?" అన్నాడు వామన్‌రావు.

"అదే డ్రమ్ము సార్. పై సరుకు పాత సీసాలల్ల పోసిన్రు. అడుగున పేరుకున్నది కొత్త సీసాలల్ల పోసి, లేబుల్ మార్చిన్రు."

"ఇదంత రాస్తవా?"

"రాస్త. ఆ బ్యాంకు అమ్మ బతుకుతదా సార్?"

"నిన్నటికంటె ఇవ్వాళ నయం. ఐసుతోటి రెండు డిగ్రీలు దిగింది. కూసోని రాయి."

మూడూ నలభై ఒకటి. లహరి గ్లౌజులు విప్పి, గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుంది. వామన్‌రావు ఆమెకు మంచినీళ్ళ సీసా అందించాడు. మణిదీప్‌ని ఏదైనా అందామనుకుని అతని వైపు తిరిగాడు.

మణిదీప్ చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని ఉన్నాడు. అవతల రింగవుతోంది. ఎవరూ ఎత్తడం లేదు.

"లహరీ," అన్నాడు. పొద్దున్నుంచి 'ఈమె', 'ఈ అమ్మాయి' తప్ప పేరు పెట్టి పిలవని మనిషి. "అది వేసుకున్నంక ఎంతసేపటికి... ఎప్పటికి తెలుస్తది?"

"ఎవరు వేసుకున్నారు?"

"కంపెనీ నాకు రెండు సీసాలిచ్చింది. ఒకటి ఇది. ఇంకోటి నిన్న ఇంట్ల ఇచ్చిన. మృదులకు. నా భార్యకు. మంచిదని నేనే చెప్పిన."

ఫోన్ ఎత్తిన చప్పుడు. అతను స్పీకర్ నొక్కాడు.

"ఏందండీ, ఎన్నిసార్లు చేస్తరు?" అంది మృదుల. ఊపిరి అందనట్టు మాట్లాడుతోంది. "ముఖం కడుక్కుంటున్న. ఏసీ పెట్టిన గూడ ఒళ్ళంత చెమటలు. ఒక్క నాకే కాదు, అందరం గిట్లనే ఉన్నం."

"అందరమంటే?"

"మన అపార్ట్‌మెంట్ ఆడోళ్ళ కిట్టీ పార్టీ మా ఇంట్ల ఉండె గద ఇవ్వాళ. మీరు తెచ్చిన సీసా చూపిస్తే మాకు మాకు అని తలా రెండు వేసుకున్నరు. ఒంటిగంటకు. పదకొండు మందిమి. కామాక్షి ఆంటీ అయితే ఇంటికి పోయి పండుకుంది, లేపితే లేస్తలేదట. ఏమైంది, గట్ల మాట్లాడకుండ ఉన్నరేంది?"



వామన్‌రావు అప్పటికే తన ఫోన్‌లో అంబులెన్స్ నంబరు నొక్కుతున్నాడు. లహరి రెండడుగులు ముందుకు వేసి, మణిదీప్ చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"మృదుల గారూ, నా పేరు లహరి. మీరు కంగారు పడకండి, నేను చెప్పినట్టు చెయ్యండి. ముందు ఎవరినీ ఇంకొకటి వేసుకోనివ్వకండి. తడిగుడ్డలు, ఐసు తెప్పించండి. ఇప్పుడు ఆ పదకొండు మంది ఫ్లాట్ నంబర్లు చెప్పండి. కామాక్షి గారిది మొదట."